గడప దిగకుండా గెలవడం ఎలా?

ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న పుట్టింది. ఆ రోజు కుర్చీలో కూర్చున్న కాంగ్రెస్ మళ్లీ లేచింది 1983 జనవరిలో. మధ్యలో 1973లో కొన్ని నెలలు రాష్ట్రపతి పాలన సాగింది గానీ, ఢిల్లీలో ఉన్నదీ మనవాళ్లే కాబట్టి దాన్ని విరామం అనకూడదు. 1977లో ఉత్తరాదంతా ఇందిరమ్మను కాదంటే, మన రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 41 ఆమె చేతిలో పెట్టింది. 1978లో శాసనసభలో 294కు 175 వచ్చాయి. 1980లో ఆమె స్వయంగా మెదక్‌లో నిలబడి గెలిచింది, పార్టీకి మళ్లీ 41 లోక్‌సభ సీట్లు దక్కాయి. ఈ లెక్కలు చూసిన నాయకుడికెవరికైనా రాత్రిపూట నిద్ర బాగా పట్టాలి. పట్టింది కూడా.

1983 జనవరి 5న పోలింగ్ జరిగింది. కాంగ్రెస్‌కు 60 సీట్లు మిగిలాయి. తొమ్మిది నెలల కిందట పుట్టిన తెలుగుదేశానికి రెండు వందలు దాటాయి. ఇది చూపించి గిట్టనివాళ్లు ఏవేవో పాఠాలు చెబుతుంటారు, చెవిన పెట్టకండి. అప్పుడు పాటించిన పద్ధతుల్లో ఒక్కటీ తప్పు కాదు, జనమే సమయానికి సహకరించలేదు. చాలాకాలంగా ఏలుతున్న ఏ పార్టీకైనా అక్కరకొస్తాయని ఆ పద్ధతులను ఇక్కడ సూత్రాలుగా గుదిగుచ్చాం. ఉదాహరణలు ఎక్కువగా తిరుపతి, చిత్తూరు వైపువి.

1. ముఖ్యమంత్రిని తరచూ మార్చండి

ఒకే మనిషి ఐదేళ్లు కనబడితే జనానికి ఆయన మీద కోపం పేరుకుంటుంది. దాన్ని పేరుకోనివ్వకూడదు. 1978 నుంచి 1983 దాకా ఐదేళ్లలో మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులయ్యారు. భవనం గారికి దక్కింది ఏడు నెలలు, కోట్ల గారికి ఎన్నికల ముందు నాలుగు నెలలు కూడా లేదు. పలమనేరు సంతలో ఎవడైనా ప్రభుత్వాన్ని తిట్టాలనుకుంటే ముందు పక్కవాణ్ణి "ఇప్పుడు సీఎం ఎవురబ్బా?" అని అడగాలి. జవాబు దొరికేలోపు సగం కోపం చల్లారిపోతుంది.

కొత్త పేరును ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టు కనిపించాలి గానీ, నిజంగా ఎన్నుకోకూడదు. ఢిల్లీ నుంచి పరిశీలకుడు సీల్డ్ కవర్ తెస్తాడు. విప్పి చదివాక అందరూ ఏకగ్రీవంగా సంతోషించాలి. కవర్ విప్పకముందే సంతోషించినవాడు మంత్రి అవుతాడు.

2. అలిగినవాడికి పదవి ఇవ్వండి

అంజయ్య గారి మంత్రివర్గంలో 61 మంది ఉండేవారు. పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు గానీ, అందులోని నేర్పు వాళ్లకు అర్థం కాలేదు. ఎమ్మెల్యే అలిగితే మంత్రిని చెయ్యండి. మంత్రి అలిగితే శాఖ మార్చండి. మంత్రి పదవి కూడా మిగలకపోతే కార్పొరేషన్ చైర్మన్ గిరీ ఉంది. అదీ అయిపోతే చిత్తూరు జిల్లా వాళ్లకు పుట్టుకతో వచ్చిన వరం ఒకటుంది: తిరుమల తిరుపతి దేవస్థానం బోర్డు. ఒక సభ్యత్వాన్ని పదిమందికి మాట ఇవ్వొచ్చు. స్వామివారి సన్నిధిలో కాబట్టి ఎవరూ గట్టిగా అడగరు.

ఓటరు అలిగితే ఏం చెయ్యాలని కొందరు కార్యకర్తలు అడుగుతున్నారు. ఓటరు అలగడు. ఇరవై ఏడేళ్లలో ఎప్పుడైనా అలిగాడా?

3. పెద్దలొచ్చినప్పుడు విమానాశ్రయంలో కనబడండి

నియోజకవర్గంలో తిరగడానికి ఐదేళ్లు ఉన్నాయి. ఢిల్లీ పెద్దలు రేణిగుంటలో దిగి కొండకు వెళ్లేది మాత్రం ఎప్పుడో ఒకసారి. ఆ రోజు దండ మీ చేతిలో ఉండాలి, ఫొటోలో మీ ముఖం ఉండాలి. దర్శనం చేయించి, లడ్డూలు కట్టించి, మళ్లీ విమానం ఎక్కించేదాకా మీరు పక్కనే ఉంటే టికెట్ పదిలం.

ఉత్సాహం ఒక్కోసారి శ్రుతి మించవచ్చు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీకి ముఖ్యమంత్రి అంజయ్య భారీగా స్వాగత ఏర్పాట్లు చేశారు. రాజీవ్‌కు ఆ హంగామా నచ్చలేదు. ముఖ్యమంత్రిని అందరిముందూ చివాట్లు పెట్టారు. ఆ నెల తిరక్కుండానే అంజయ్య కుర్చీ దిగారు. ఇలాంటి సందర్భంలో ఇది ఇంటి వ్యవహారమని, పెద్దలు పిల్లల్ని కోప్పడరా అని సర్దిచెప్పాలి. ముఖ్యమంత్రిని తిడితే రాష్ట్రాన్ని తిట్టినట్టు జనం ఎందుకు అనుకుంటారు? అనుకున్నారే అనుకోండి, మహా అయితే ఒక నెలలో మరిచిపోతారు.

ఆ తర్వాత నెల గడిచాక, 1982 మార్చి 29న హైదరాబాద్‌లో ఎన్.టి. రామారావు కొత్త పార్టీ ప్రకటించారు. ఆయన ఎత్తుకున్న మాట తెలుగువారి ఆత్మగౌరవం. ఎన్నికల నినాదం కోసం మామూలుగా ఎంతో ఖర్చవుతుంది. ఆయనకు దాన్ని మనం ఉచితంగా సమకూర్చాం. ఎదుటి పార్టీ పట్ల ఇంత ఉదారంగా ఉండటం పాత పార్టీలకే చెల్లుతుంది.

4. ఊరిని పట్టుకోకండి, ఊరి పెద్దను పట్టుకోండి

ఈ పుస్తకానికి గుండెకాయ ఈ సూత్రమే, కాస్త నిదానంగా చదవండి.

పార్టీ తీర్మానాలు ఎర్రగా ఉండొచ్చు. 1955లో మద్రాసు పక్కన ఆవడిలో సోషలిస్టు తరహా సమాజమని తీర్మానం చేసుకున్నాం, తర్వాత గరీబీ హటావో అన్నాం. అవి సభల్లో చదవడానికి. ఊళ్లో మాత్రం ఏది ఎక్కడుందో అక్కడే ఉండాలి. మునసబు మునసబుగా, కరణం కరణంగా, తండ్రి తర్వాత కొడుకుగా. ఊరి పెద్ద రెడ్డెప్ప అరుగు మీద, ఊరు అరుగు కింద. మీరు వెయ్యి గడపలు ఎక్కి దిగాల్సిన పని లేదు. ఒక్క అరుగు ఎక్కితే చాలు.

పోలింగ్ ముందురోజు రాత్రి పని ఇలా సాగాలి. జీపు రెడ్డెప్ప ఇంటి ముందు ఆగుతుంది. పెట్రోమాక్స్ లైటు వెలుగుతుంటుంది. అభ్యర్థి కుర్చీలో కూర్చుని నిమ్మకాయ నీళ్లు తాగుతాడు. కింద పాతికమంది తలగుడ్డలు విప్పి చేత్తో పట్టుకుని నిలబడతారు. రెడ్డెప్ప అడుగుతాడు:

"ఏమప్పా, రేపు చెయ్యి గుర్తుకే గదా?"

"అట్లే రెడ్డెప్పా."

"మాట తప్పరు గదా?"

"అట్లే రెడ్డెప్పా."

గమనించారా? మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ జవాబు ఒకటే. రెండో ప్రశ్నకు ఆ జవాబు అతకలేదని ఎవడో చదువుకున్న కుర్రాడు సణగొచ్చు. వాణ్ణి జీపులోంచి దించెయ్యండి. "అట్లే" అంటే ఓటు. ఊళ్లో ఎన్ని ఓట్లున్నాయో అన్నీ డైరీలో మన ఖాతాలో రాసుకుని, పక్క ఊరికి బయలుదేరండి. ఒక రాత్రికి పది ఊళ్లు పూర్తిచెయ్యొచ్చు.

తెల్లవారాక బండ్లు కట్టించి రెడ్డెప్పే జనాన్ని బడి దగ్గరికి పంపుతాడు. భోజనాలు మన ఖర్చు. ఓటరు వేలికి చుక్క పెట్టించుకుని, బ్యాలెట్ కాగితమూ రబ్బరు ముద్రా తీసుకుని అట్ట అడ్డం వెనక్కి వెళతాడు. కాగితం మడిచి బయటికొచ్చి డబ్బాలో వేస్తాడు. ఆ అడ్డం వెనక్కి రెడ్డెప్ప వెళ్లడానికి వీల్లేదు, ఏజెంటు తొంగిచూడటానికి వీల్లేదు. దాని గురించి బెంగ పెట్టుకోకండి. మూరెడు అట్టముక్క వెనక ఏం కొంప మునుగుతుంది?

ఆడవాళ్ల ఓట్లకు విడిగా శ్రమపడొద్దు. మగవాడు ఎక్కడ ముద్ర వేస్తే ఆమె కూడా అక్కడే వేస్తుందని అనుభవజ్ఞులు తేల్చేశారు. రామారావు సభల్లో ముందు వరసలన్నీ వాళ్లే ఉండేవారు, ఆస్తిలో ఆడపిల్లకు వాటా అంటే శ్రద్ధగా వినేవారు. అది ఆయన అందం చూడటానికని సరిపెట్టుకున్నాం. ఆయన గెలిచాక 1983లోనే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 1984 జనవరిలో మునసబు, కరణం పదవులు ఒక్క ఆర్డినెన్స్‌తో పోయాయి. మన అరుగులన్నీ ఖాళీ అయ్యాయి. ఇంత చేసినవాడికి ఊళ్లలో పాలేర్లు, కూలోళ్లు ఎందుకు సంబరపడ్డారో మన సమీక్షా సంఘానికి అంతుపట్టలేదు.

5. ఎదుటివాడు సినిమావాడని తీసిపారెయ్యండి

"ముఖానికి రంగు పూసుకునేవాడికి రాజ్యమేలడం ఏం తెలుసు?" అనే మాట ప్రతి సభలో రెండుసార్లు రావాలి. తిరుపతిలో అయితే మూడుసార్లు.

తిరుపతి ప్రత్యేకత ఏమిటంటే, 1960లో శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం సినిమాలో రామారావు స్వామివారి వేషం వేశారు. ఆ తర్వాత కొండకు వచ్చిన యాత్రికులు దర్శనం ముగించుకుని, బస్సుల్లో మద్రాసు వెళ్లి ఆయన ఇంటిముందు నిలబడేవారు. పొద్దున్నే ఆయన బయటికి వస్తే చేతులెత్తి దండం పెట్టేవారు. అంటే ఆయనకు ఈ ఊరితో ఇరవై రెండేళ్ల పరిచయం. మన తిరుపతి ఎమ్మెల్యే అగరాల ఈశ్వరరెడ్డి గారు అప్పుడు ఏకంగా శాసనసభ స్పీకరు. స్పీకరు పెద్దా, వేషగాడు పెద్దా అని మనం సవాలు విసరొచ్చు. రామారావు గుడివాడతోపాటు తిరుపతిలోనూ నామినేషన్ వేశారు. రెండు చోట్లా గెలిచారు. సవాలు మాత్రం తార్కికంగా ఇప్పటికీ సరైనదే.

ఆయన ప్రచారాన్ని అంచనా వేయడానికి మనవాళ్లను పంపినప్పుడు ఏం రాయాలో ముందే చెప్పి పంపండి. పాత షెవర్లే వ్యానును బాగుచేయించి చైతన్యరథమన్నారు. కొడుకు హరికృష్ణ డ్రైవరు. రామారావు ఖాకీ బట్టలు వేసుకుని, వ్యాను పైకెక్కి మాట్లాడేవారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం. సాయంత్రం రావాల్సిన వ్యాను ఏ అర్ధరాత్రికో వచ్చేది. జనం కదలకుండా అక్కడే ఉండేవారు. చంకలో పిల్ల నిద్రపోతుంటే, చేతిలో హారతి పళ్లెం ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఆడవాళ్లు నిలబడేవారు. దీన్ని చూసిన మన మనిషి కాగితం మీద రాయాల్సింది ఒకే వాక్యం: "షూటింగు చూడటానికి వచ్చినట్టు వచ్చారు, ఓట్లుగా మారవు." ఆ కాగితం ఢిల్లీకి చేరాలి. అక్కడ అది చదివి సంతోషిస్తారు.

6. వాళ్లిచ్చేదానికంటే పది పైసలు తగ్గించి ఇవ్వండి

తెలుగుదేశం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తామంది. చిత్తూరు మెట్ట పల్లెల్లో కూలి ఇంట రోజూ ఉడికేది రాగి సంకటి. చెనక్కాయల పంట వానను నమ్ముకున్నది, వాన ఎవర్నీ నమ్ముకోనిది. వరి అన్నమంటే పండగో, పెళ్లో రావాలి. అలాంటి చోట రెండు రూపాయల బియ్యం ఎంత పెద్ద మాటో మన నాయకత్వం ఇట్టే పసిగట్టింది. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకే అంది.

లెక్క చూడండి. కిలోకు పది పైసలు, పది కిలోలకు రూపాయి ఆదా. పైగా వాళ్లది వట్టి మాట, మనది అప్పుడే చేతిలో ఉన్న ప్రభుత్వం. కూడికలు వచ్చిన ఏ ఓటరైనా మన వైపే మొగ్గాలి. ఒక్క చిక్కే ఉంది. పుంగనూరు వైపు ఏ ముసలమ్మో రేషన్ అంగడి ముందు నిలబడి, "ఇన్నేండ్లూ ఈ బియ్యం యాడ పెట్టినారు నాయనా?" అని అడగొచ్చు. ఈ ప్రశ్నకు సిద్ధంగా ఒక జవాబు ఉంచుకోవాలి. మేము వెతికాం, దొరకలేదు. మీకు దొరికితే రాయండి.

7. ఎన్నికలు ముందుకు జరపండి

కొత్త పార్టీకి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వకూడదు. 1978 మార్చిలో కొలువుదీరిన శాసనసభకు 1983 మార్చి దాకా గడువుంది. ఎన్నికలు జనవరి మొదట్లోనే పెట్టించారు. అప్పటికే వ్యాను రాష్ట్రమంతా చుట్టేసింది కాబట్టి రామారావుకు రెండు నెలల డీజిలు మిగిలింది.

ఇది మన ఒక్కరి తెలివే అనుకోకండి. కెనడాలో ఆల్బెర్టా అనే రాష్ట్రాన్ని కన్సర్వేటివ్ పార్టీ 1971 నుంచి నలభై ఏళ్లకు పైగా వరసగా ఏలింది. 2015లో అక్కడి ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ ఏడాది ముందే ఎన్నికలు పెట్టారు. పార్టీ ఓడి మూడో స్థానానికి దిగింది. ఆయన ఫలితాల రాత్రే పార్టీ నాయకత్వాన్నీ, గెలిచిన సీటునూ వదిలేశారు. తొందరగా దిగిపోవడానికి ఇంతకన్నా మంచి మార్గం ఏ ఖండంలోనూ కనిపెట్టలేదు.

8. పొరుగు రాష్ట్రం వైపు చూడకండి

చిత్తూరు జిల్లావాళ్లకు ఇది కష్టమైన సూత్రమే. కుప్పంలో నిలబడితే రెండు రాష్ట్రాలు కనిపిస్తాయి. తిరుపతి కుర్రాళ్లకు మద్రాసు పక్క ఊరు. 1967లో ఆ మద్రాసులోనే మన పార్టీ అధికారం పోయింది. విరుదునగర్‌లో కామరాజు అంతటివాడు ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడారు. అక్కడ డీఎంకే ఇచ్చిన హామీ రూపాయికి మూడు పడుల బియ్యం. తర్వాత సినిమా హీరో ఎంజీఆర్ 1977లో ముఖ్యమంత్రి అయ్యారు, 1982లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టారు. బియ్యం, సినిమా, భాషాభిమానం మూడూ ఒకే వంటింట్లో ఉడుకుతుంటే వాసన నగరి దాకా, సత్యవేడు దాకా వచ్చింది. ముక్కు మూసుకోవాలి. అది అరవవాళ్ల సంగతి, మన తెలుగువాళ్లు అలా కాదు అనాలి.

ఇక పడమటి దిక్కున కర్ణాటక. మనతోపాటే 1983 జనవరిలో అక్కడా ఎన్నికలు జరిగాయి, అక్కడా తొలిసారి కాంగ్రెస్ దిగిపోయింది, రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి అయ్యారు. ములబాగల్ దాటితే వాళ్ల ఓటమి, పలమనేరు దాటితే మన ఓటమి. అన్ని దిక్కులా ఒకే గాలి వీస్తున్నప్పుడు దాన్ని గాలి అనకూడదు. స్థానిక కారణాలు అనాలి.

9. పనికొచ్చే కుర్రాణ్ణి గుర్తించకండి

1978లో చంద్రగిరి నుంచి ఒక యువకుడు కాంగ్రెస్ టికెట్ మీద గెలిచాడు. నారావారిపల్లె ఊరు, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువు. అంజయ్య మంత్రివర్గంలో చోటు కూడా దొరికింది. 1981లో రామారావు గారి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. మామ పార్టీ పెట్టినా అల్లుడు మన పార్టీలోనే ఉండి 1983లో మళ్లీ చంద్రగిరిలో నిలబడ్డాడు. తెలుగుదేశం అభ్యర్థి మేడసాని వెంకటరామానాయుడు చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత మామ పార్టీలోకి వెళ్లాడు. వెళితే వెళ్లాడని మనం ఊరుకున్నాం. ఒక ఓడిన అభ్యర్థి వల్ల ఎవరికేం లాభం? 1995 నుంచి నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా చేసిన ప్రమాణ స్వీకారాలు లెక్కపెట్టే పని మనది కాదు.

10. ఓడినా ఏమీ మార్చుకోకండి

1989లో మనం మళ్లీ గెలిచాం, 2004లో మళ్లీ గెలిచాం. దీన్నిబట్టి తేలేదేమంటే, కాస్త ఓపిక పడితే జనమే తప్పు తెలుసుకుని తిరిగొస్తారు. పై తొమ్మిది సూత్రాలూ అలాగే ఉంచాలి. ఉంచాం కూడా. 2009 సెప్టెంబర్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించాక రోశయ్య, ఆయన తర్వాత 2010 నవంబర్‌లో చిత్తూరు జిల్లా పీలేరు ఎమ్మెల్యే నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. పేర్లు ఢిల్లీ నుంచే వచ్చాయి. రాష్ట్ర విభజన నిర్ణయమూ అక్కణ్ణుంచే వచ్చింది. విభజన ఆపడానికి చివరి బంతి ఇంకా మిగిలే ఉందని కిరణ్ చెబుతూ వచ్చారు. చివరికి రాజీనామా చేసి, జై సమైక్యాంధ్ర అని సొంత పార్టీ పెట్టారు. దాని గుర్తు చెప్పులు. 2014లో ఆ పార్టీ ఖాతా తెరవలేదు.

మన ఖాతా సంగతి అడక్కండి. విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకు 2014లో సున్నా, 2019లో సున్నా, 2024లో సున్నా. నిలకడ అంటే ఇది. 1978లో 175 సీట్లు వచ్చాయి, ఇప్పుడు మొత్తం సీట్లే 175. అంకె మారలేదు, అది ఉండే చోటు మారింది.

చివరిగా ఒక హెచ్చరిక. ప్రతి పార్టీ ఆఫీసులోనూ ఎవడో ఒక కుర్ర కార్యకర్త ఉంటాడు. "అన్నా, రెడ్డెప్ప ఇల్లు ఒద్దు, ఆ దళితవాడలోకి పోయి ఒకసారి అడగతాం రండి" అంటాడు. అనుభవం లేని మాట. వాడికి టికెట్ ఇవ్వకండి. వాడు ఇంకో పార్టీలో చేరి గెలుస్తాడు. అప్పుడు దండ పట్టుకుని వెళ్లి మన పార్టీలోకి ఆహ్వానించండి. వచ్చాక వాడికి మంత్రి పదవి ఇచ్చి, ఈ పుస్తకం చేతిలో పెట్టండి.